చదువరులనే తయారుచేసిన రచయిత్రి బేగం రొకేయా

పుస్తకం సమాజాన్ని మారుస్తుందని మనం తరచుగా వింటుంటాం. సభల్లో చెప్పుకుంటాం, పాఠశాల గోడల మీద రాయిస్తాం. కాని చదవడమే రానివారి బతుకును పుస్తకం ఎలా మారుస్తుంది? ఎవరి మేలు కోరి ఆ పుస్తకం రాశారో, వారి చేతికే అది అందకుండా తలుపులు మూసి ఉంటే రచయిత ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఆచరణలో జవాబు చెప్పిన ముస్లిం మహిళ ఒకరు నూరేళ్ల క్రితం బెంగాల్‌లో ఉండేవారు. ఆమే బేగం రొకేయా సఖావత్ హుసేన్. దైవప్రవక్త (స) కుమార్తె రుఖయ్యా (రజి) పేరే బెంగాలీల నోట రొకేయా అయింది.

ఆమె 1902 నుంచి 1932 దాకా ముప్పై ఏళ్లు రచనలు చేశారు. అందులో చివరి ఇరవై మూడేళ్లు బాలికల పాఠశాల కూడా నడిపారు. కొందరు ఆమెను గొప్ప రచయిత్రి అంటారు, కొందరు స్త్రీ విద్యకు పునాది వేసిన మహిళ అంటారు. ఆమె జీవితాన్ని కాస్త నిదానంగా చదివితే ఈ రెండూ రెండు పనులు కావనీ, ఒకే పనికి రెండు చేతులనీ మనకు అర్థమవుతుంది.

కొవ్వొత్తి వెలుగులో చదువు

రొకేయా 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జహీరుద్దీన్ అబూ అలీ హైదర్ సాబెర్ జమీందారు. అరబ్బీ, ఫారసీ భాషలు బాగా తెలిసిన మనిషి. కొడుకులను కలకత్తా పంపి ఇంగ్లీషు చదువులు చదివించారు. ఆడపిల్లల విషయం వచ్చేసరికి ఖుర్ఆన్ పారాయణం నేర్పించడంతో సరిపెట్టారు. ఆనాటి కులీన ముస్లిం కుటుంబాల్లో మాట్లాడేది ఉర్దూ. చుట్టూ ఉన్న రైతులు, కూలీలు మాట్లాడే బంగ్లా భాషను ఆడపిల్లలు చదవడం అవమానంగా భావించేవారు.

పరదా సంగతి చెప్పనక్కర్లేదు. అయిదేళ్ల వయసు నుంచే రొకేయా పరాయి పురుషుల ముందుకే కాదు, ఇంటికి వచ్చిన పరాయి స్త్రీల ముందుకు కూడా రాకూడదు. ఒకసారి చుట్టాల ఇంటి నుంచి వచ్చిన పనివాళ్లు ఇల్లంతా తిరుగుతుంటే, ఆ పసిపిల్ల వాళ్ల కంటపడకుండా రోజుల తరబడి అటక మీద దాక్కోవలసి వచ్చింది. వేళకు తిండి కూడా అందలేదు. పెద్దయ్యాక ఈ సంగతి ఆమే రాశారు.

ఆమె చదువుకు ఇద్దరు తోడునీడగా నిలిచారు. ఒకరు అన్న ఇబ్రాహీం సాబెర్. రాత్రి పెద్దలంతా నిద్రపోయాక కొవ్వొత్తి వెలిగించి చెల్లెలికి ఇంగ్లీషు నేర్పేవారు. రెండవవారు అక్క కరీమున్నిసా. బంగ్లా మీద ఆమెకున్న మక్కువ బయటపడేసరికి చదువు మాన్పించి, చిన్న వయసులోనే పెళ్లి చేసి పంపించేశారు. అయినా ఆ అక్కే చెల్లెలికి బంగ్లా అక్షరాలు నేర్పింది. తర్వాతి కాలంలో రొకేయా తన పుస్తకాల్లో ఒకదాన్ని ఈ అక్కకు, ఒకదాన్ని ఈ అన్నకు అంకితం చేశారు. ఇంట్లో ఒక్క అన్న పూనుకుంటే ఒక ఆడపిల్ల దశ ఎలా మారుతుందో మన ఇళ్లలోని అన్నదమ్ములు ఇక్కడ గమనించాలి.

కలం పట్టిన ఇల్లాలు

యుక్తవయసు రాగానే రొకేయాకు భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న సయ్యద్ సఖావత్ హుసేన్‌తో వివాహమైంది. ఆయన వయసులో చాలా పెద్దవారు, మొదటి భార్యను పోగొట్టుకున్నవారు. బీహార్ వాసి కావడంతో ఇంటి భాష ఉర్దూ. అయినా భార్య బంగ్లాలో, ఇంగ్లీషులో రాస్తానంటే అడ్డు చెప్పకపోగా ప్రోత్సహించారు. స్త్రీలు చదువుకోనిదే సమాజం బాగుపడదని నమ్మిన వ్యక్తి ఆయన.

1902లో రొకేయా తొలి రచన అచ్చయింది. దాని పేరు 'పిపాసా', అంటే దాహం. కర్బలా మైదానంలో ఇమామ్ హుసేన్ (రజి) పరివారం అనుభవించిన దాహాన్ని తలచుకుంటూ రాసిన రచన అది. 1904లో వ్యాసాలన్నీ కలిపి 'మోతీచూర్' పేరుతో మొదటి సంపుటం వెలువడింది. మోతీచూర్ అంటే మనకు లడ్డూయే గుర్తొస్తుంది గాని, ముత్యాల పొడి అన్నది ఆ మాటకు అసలు అర్థం.

ఆ వ్యాసాలు తియ్యగా మాత్రం లేవు. స్త్రీలు వెనుకబడడానికి కారణాలు వెతుకుతూ రొకేయా ఎవరినీ వదల్లేదు. నగలను బానిసత్వపు గుర్తులుగా వర్ణించారు. బండికి ఒక చక్రం పెద్దదిగా, ఒక చక్రం చిన్నదిగా ఉంటే బండి ముందుకు పోదనీ, ఉన్నచోటనే తిరుగుతుందనీ వాదించారు. మత గ్రంథాల గురించి ఒక వ్యాసంలో ఆమె వాడిన మాటలు మరీ ఘాటుగా ఉన్నాయని పత్రికల్లో తీవ్ర విమర్శ చెలరేగింది. ఆ వ్యాసం పుస్తకంలోకి వచ్చేసరికి ఆ పేరాలు లేకుండా అచ్చయింది.

ఈ ఘట్టాన్ని మనం దాచిపెట్టనవసరం లేదు. ఆమె రాసిన ప్రతి మాటతోనూ మనం ఏకీభవించాలన్న నియమం కూడా లేదు. అయితే ఆ విమర్శకు బెదిరి ఆమె కలం కింద పెట్టలేదు, పంతానికి పోయి సమాజాన్ని వదిలి వెళ్లనూ లేదు. ఆ తర్వాత ఆమె వాదన ఎక్కువగా మరో దారి పట్టింది. ఇస్లాం స్త్రీకి ఇచ్చిన హక్కులనే చూపించి, వాటిని ముస్లిం సమాజం ఎందుకు ఇవ్వడం లేదని నిలదీశారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చడం ఎవరికైనా కష్టమే.

మద్రాసులో అచ్చయిన కల

రొకేయా పేరును ప్రపంచమంతటా నిలిపిన రచన 'సుల్తానాస్ డ్రీమ్'. భర్త ఉద్యోగరీత్యా పర్యటనకు వెళ్లినప్పుడు కాలక్షేపానికి ఇంగ్లీషులో రాసిన చిన్న కథ అది. సుల్తానా కలలో ఒక దేశం కనిపిస్తుంది. అక్కడ మగవాళ్లు ఇంట్లో పరదాలో ఉంటారు, ఆడవాళ్లు దేశాన్ని ఏలుతుంటారు. అక్కడి మహిళా విశ్వవిద్యాలయాల్లో ఒకటి మేఘాల నుంచి నేరుగా నీటిని తీసుకునే విధానం కనిపెట్టింది. మరొకటి సూర్యుని వేడిని నిల్వచేసే పరికరం కనిపెట్టింది. శత్రుసైన్యం దండెత్తి వచ్చినప్పుడు కత్తి దూయకుండానే ఆ వేడితోనే తరిమికొట్టారు. సూర్యశక్తి గురించి సామాన్యులు ఊహించని రోజుల్లో, ఏనాడూ బడి మెట్లెక్కని ఒక ముస్లిం ఇల్లాలు రాసిన కథ ఇది. తిరిగివచ్చిన భర్త నిలబడే కథంతా చదివి, మగవాళ్ల మీద భలే కసి తీర్చుకున్నావని మెచ్చుకున్నారు.

ఈ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రికను స్థాపించి నడిపిన కమలా సత్తియనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టిన క్రైస్తవ మహిళ. భాగల్పూర్‌లోని ముస్లిం ఇల్లాలి కథ తెలుగింటి ఆడపడుచు చేతుల మీదుగా లోకానికి తెలిసిందన్నది మనకు సంతోషం కలిగించే విషయం. 1908లో అది కలకత్తాలో పుస్తకంగా కూడా వచ్చింది.

ఇంత పేరొచ్చినా రొకేయాను ఒక చేదు నిజం వెన్నాడుతూనే ఉంది. ఆమె కథ చదివింది ఇంగ్లీషు వచ్చిన కొద్దిమంది. ఆమె వ్యాసాలు చదివి వాదించుకున్నది ఎక్కువగా మగవాళ్లు. ఏ స్త్రీల కోసం ఆమె రాస్తున్నారో వారిలో అధిక సంఖ్యాకులకు అక్షరం ముక్క రాదు. పత్రిక ఇంటి గుమ్మం దాకా వచ్చినా అంతఃపురంలోకి వెళ్లేది కాదు.

అయిదుగురితో మొదలు

1909 ఆమె జీవితంలో కఠినమైన సంవత్సరం. ఆ ఏడాది మే నెలలో భర్త చనిపోయారు. పుట్టిన ఇద్దరు ఆడబిడ్డలూ అంతకు ముందే పసితనంలోనే కన్నుమూశారు. ఇరవై తొమ్మిదేళ్లు కూడా నిండకముందే ఆమె ఒంటరి అయ్యారు. ఆడపిల్లల బడి కోసం భర్త పదివేల రూపాయలు కేటాయించి వెళ్లారు. నాలుగైదు నెలలు తిరక్కముందే, 1909 అక్టోబరు 1న, అయిదుగురు బాలికలతో భాగల్పూర్‌లో భర్త పేరిట పాఠశాల తెరిచారు.

కుటుంబంలో తలెత్తిన తగాదాల వల్ల ఆమె అక్కడ ఉండలేకపోయారు. ఇల్లు వదిలి కలకత్తా చేరారు. 1911 మార్చి 16న వలీయుల్లా లేన్‌లోని ఒక అద్దె ఇంట్లో ఎనిమిది మంది బాలికలతో సఖావత్ మెమోరియల్ గర్ల్స్ స్కూలు మళ్లీ మొదలైంది.

బడి నడపడం ఎలాగో ఆమెకు తెలియదు, ఎందుకంటే తాను బడికి వెళ్లి ఎరగరు. కలకత్తాలోని బ్రహ్మసమాజ, హిందూ బాలికల పాఠశాలలకు వెళ్లి, తరగతుల్లో కూర్చుని, పాఠం ఎలా చెబుతారో, హాజరు ఎలా వేస్తారో చూసి నేర్చుకున్నారు. ఇక పిల్లల్ని పోగుచేయడం మరో పని. బుర్ఖా వేసుకుని ఇంటింటికీ తిరిగారు. తల్లిదండ్రులను బతిమాలారు. పరదాకు లోపం రానివ్వనని మాట ఇచ్చారు. పరదాలోని దురాచారాలను కలంతో ఎండగట్టిన మనిషే, ఆడపిల్లల చదువు కోసం తాను బుర్ఖా వదలకుండా జాగ్రత్త పడ్డారు.

ముస్లిం ఉపాధ్యాయినులు దొరకడం గగనమయ్యేది. మద్రాసు, గయ, ఆగ్రా వంటి దూరప్రాంతాల నుంచి పిలిపించుకున్నారు. ఉపాధ్యాయినులకు శిక్షణ ఇచ్చే పాఠశాల కావాలని ప్రభుత్వం చుట్టూ తిరిగారు. 1919లో కలకత్తాలో ముస్లిం మహిళల శిక్షణ పాఠశాల ఏర్పడింది. ఆమె బడిలో అర్థవివరణతో ఖుర్ఆన్, ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు నేర్పేవారు. రోగుల సేవ, ప్రథమ చికిత్స, వంట, కుట్టుపని, వ్యాయామం కూడా ఉండేవి.

బస్సు కథ

ఆ రోజుల్లో ఆమె పడిన అవస్థలకు బడి బస్సు కథ ఒక్కటి చాలు. పరదా పాటించే ఇళ్ల పిల్లల కోసం అన్నివైపులా మూసేసిన మోటారు బస్సు తయారుచేయించారు. గాలి ఆడడానికి పైన సన్నని జాలీ మాత్రమే ఉంచారు. మొదటి రోజే ఆ చీకటిలో, ఉక్కపోతలో పిల్లలు భయపడి ఏడ్చారు. కొందరికి వాంతులయ్యాయి, కొందరు స్పృహ తప్పారు. పిల్లల్ని చంపుతారా అని తల్లులు కబురు పంపారు. సరేనని మూసిన పలకలు తీయించి గుడ్డ తెరలు కట్టించారు. వెంటనే ఇంకోవైపు నుంచి ఉత్తరాలు వచ్చాయి. గాలికి తెరలు ఎగురుతున్నాయనీ, పిల్లలు బయటికి కనిపిస్తున్నారనీ, ఈ పద్ధతి మార్చకపోతే ఉర్దూ పత్రికలకు ఎక్కిస్తామనీ బెదిరింపు. మూస్తే ఒక తప్పు, తెరిస్తే ఒక తప్పు. ఈ రెంటి మధ్య నలుగుతూనే ఆమె బడి నడిపారు.

1915 నాటికి విద్యార్థినులు 84 మంది అయ్యారు. 1931 నాటికి అది హైస్కూలు స్థాయికి ఎదిగింది. మధ్యలో ఒక బ్యాంకు దివాలా తీసి పాఠశాల సొమ్ము పోయింది. అయినా తలుపులు మూతపడలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. బెంగాలీ ముస్లింలు బంగ్లాను తమ భాషగా భావించాలని వాదించిన రచయిత్రి ఆమె. కాని కలకత్తాలో ఆమె బడికి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఉర్దూ ఇళ్లవారు. అందువల్ల బోధన ఉర్దూలోనే సాగింది. బంగ్లా తరగతి ప్రారంభించినా పిల్లలు చాలక మూసేయవలసి వచ్చింది. తన పుస్తకాలు తన విద్యార్థినులే చదవలేని స్థితి. మరొకరైతే మనసు విరిగి వదిలేసేవారే. ముందు చదవడమంటూ వస్తే ఏ భాషలోనైనా పుస్తకం చేరుతుందన్న నమ్మకంతో ఆమె కొనసాగారు. బంగ్లా తరగతి కోసం ప్రయత్నం కూడా మానలేదు.

నలభై ఏడు నిజాలు

1916లో 'అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం' అనే మహిళా సంఘాన్ని స్థాపించారు. సభ్యురాళ్లు కలకత్తా మురికివాడలకు వెళ్లి పేద స్త్రీలకు చదువు, చేతిపని నేర్పేవారు. దిక్కులేని వితంతువులకు సాయం చేసేవారు. 1924లో వచ్చిన 'పద్మరాగ్' నవలలో రొకేయా ఇలాంటి చోటునే చిత్రించారు. ఆ నవలలోని ఆశ్రమంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలు కలిసి బతుకుతూ బడి, ఆసుపత్రి, పనిశాల నడుపుతారు.

1931లో 'అవరోధవాసిని' పుస్తకంగా వచ్చింది. అంతకు ముందు 'మాసిక్ మొహమ్మదీ' పత్రికలో భాగాలుగా అచ్చయింది. నిర్బంధంలో బతికే స్త్రీల గురించి ఇందులో 47 చిన్న ఘటనలు ఉన్నాయి. వాదనలు లేవు, ఉపన్యాసం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే. రొకేయా బంధువు ఒకామె కియూల్ స్టేషన్‌లో రైలు మారుతూ బుర్ఖా కాళ్లకు చుట్టుకుని పట్టాల మీద పడిపోయింది. ఎత్తడానికి వచ్చిన మగవాళ్లను ముట్టుకోవద్దని పనిమనిషి వారించింది. తాను ఒక్కతే లాగబోతే చేతకాలేదు. కొంతసేపు ఆగి చూసిన రైలు ఆఖరికి కదిలింది. ఆమె ప్రాణం పోయింది. పుస్తకంలో కొన్ని ఘటనలు నవ్విస్తాయి, కొన్ని ఇలా గుండె పిండేస్తాయి.

ధర్మం చెప్పిన హుందాతనానికీ, మనిషిని చావనిచ్చే ఆచారానికీ మధ్య గీత ఎక్కడుందో ఈ పుస్తకం చదివినవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రొకేయా పరదా మొత్తాన్నీ కాదనలేదు. శరీరాన్ని మర్యాదగా కప్పుకోవడం వేరనీ, మనిషిని గదిలో బంధించి అక్షరానికి, గాలికి, వైద్యానికి దూరం చేయడం వేరనీ ఆమె చెప్పారు. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడడాన్ని ఇస్లాం ఎప్పుడూ అడ్డుకోలేదు. విద్యార్జనను దైవప్రవక్త (స) ప్రతి ముస్లింపై విధిగా నిర్ణయించారు. ఈ మాట తెలిసి కూడా కూతుళ్లను చదువుకు దూరంగా ఉంచిన సమాజాన్ని ఆమె సభల్లోనూ రచనల్లోనూ సూటిగా ప్రశ్నించారు. బడుల్లో ఖుర్ఆన్‌ను అర్థం తెలిసేలా చదివించాలని పట్టుపట్టారు. చిలకపలుకుల చదువుతో ధర్మమూ తెలియదు, హక్కులూ తెలియవన్నది ఆమె ఆవేదన.

బల్లమీద మిగిలిన వ్యాసం

1932 డిసెంబరు 9 తెల్లవారుజామున రొకేయా హఠాత్తుగా కన్నుమూశారు. ముందు రాత్రి దాకా రాస్తూనే ఉన్నారు. స్త్రీ హక్కుల గురించి మొదలుపెట్టిన వ్యాసం బల్లమీద అసంపూర్తిగా మిగిలింది. కలకత్తా సమీపంలోని సోద్‌పూర్‌లో ఆమెను ఖననం చేశారు.

ఆమె వేసిన విత్తనం ఏమైందో చూడాలి. ఆమెతో కలిసి పనిచేసిన శంసున్నహర్ మహమూద్ 1937లో ఆమె జీవిత చరిత్ర రాశారు. ఆమె అంజుమన్‌లో పనిచేసిన సూఫియా కమాల్ పేరొందిన కవయిత్రి అయ్యారు. 1947లో కలకత్తాలో మహిళల కోసం 'బేగం' వారపత్రిక మొదలైనప్పుడు దానికి తొలి సంపాదకురాలు సూఫియా కమాలే. ముస్లిం స్త్రీ పేరు పత్రికలో కనిపించడమే వింత అనుకున్న చోట, అర్ధశతాబ్దం తిరిగేసరికి ముస్లిం స్త్రీలే పత్రిక నడిపారు. అలాంటి పత్రికను కొని చదివే స్త్రీలు బడుల నుంచే రావాలి కదా! సఖావత్ మెమోరియల్ పాఠశాల ఇప్పటికీ కోల్‌కతాలో ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలగా నడుస్తోంది. బంగ్లాదేశ్‌లో డిసెంబరు 9ని రొకేయా దినంగా జరుపుతారు. 2024లో యునెస్కో ఆసియా పసిఫిక్ ప్రాంతపు జ్ఞాపక వారసత్వ జాబితాలో 'సుల్తానాస్ డ్రీమ్'కు చోటు దక్కింది.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. మన తెలుగు నేలమీద ముస్లిం ఆడపిల్లలు బడికి వెళుతున్నారు, కాలేజీలకు వెళుతున్నారు. అల్‌హందులిల్లాహ్. కాని చదువు పూర్తయ్యాక, పెళ్లయి అత్తవారింటికి వెళ్లాక వారి చేతిలో ఎన్ని పుస్తకాలు కనిపిస్తున్నాయి? మన పెళ్లిళ్లలో జహేజ్ జాబితా రాసుకునేటప్పుడు మంచం, బీరువా దగ్గర నుంచి చెంచాల దాకా లెక్కపెడతాం. అందులో పుస్తకాల వరుస ఒకటైనా ఉంటుందా? మస్జిద్‌లో పుస్తకాల అలమర ఉన్నచోట అందులోని పుస్తకం ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లకు చేర్చే ఏర్పాటు ఉందా? ఇంట్లో పెద్దమ్మకో, నానీకో చదవడం రాకపోతే రోజుకో పేజీ చదివి వినిపించే మనవడు ఉన్నాడా?

రొకేయా మంచి పుస్తకాలు రాసి ఊరుకుంటే సాహిత్య చరిత్రలో ఆమెకు ఒక పేజీ దక్కేది. బడి మాత్రమే నడిపి ఉంటే ఒక వీధికి ఆమె పేరు పెట్టేవారు. పుస్తకం రాసి, దాన్ని చదవగల కళ్లను కూడా తయారుచేయడం వల్లనే ఆమె మాట ఇన్నేళ్లు నిలిచింది. అంతటి పని అందరివల్లా కాదు. కాని ఇబ్రాహీం సాబెర్ చేసిన పని మనలో ఎవరైనా చేయవచ్చు. దానికి కావలసింది ఒక పుస్తకం, ఇల్లు సద్దుమణిగాక ఒక గంట సమయం, పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఒక చెల్లెలు.